నలభై ఒక్క సర్వే నంబర్లు

నేను అనుమానం మనిషిని. పాలు పోసే ఎంకయ్యను అడిగినా ఈ మాటే చెప్తాడు, ఎందుకంటే రోజూ అతని ముందే పాలలో వేలు ముంచి, పైకెత్తి, చుక్క ఎట్లా జారుతుందో చూస్తాను. ఎవరైనా పెళ్ళిపత్రిక ఇస్తే ముందూ వెనకా తిప్పి, వీళ్ళకు మనతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. ఇందులో తప్పేముంది? మొయినాబాద్‌కూ చేవెళ్ళకూ నడుమ ఊళ్ళో పుట్టి, పొలాలు గజాల లెక్కన అమ్ముడుపోవడం కళ్ళారా చూసినవాడికి అనుమానం లేకపోతేనే జబ్బు. మా దగ్గరికి నవ్వుకుంటూ వచ్చిన ప్రతివాడూ టీ తాగి, వానల గురించి మాట్లాడి, చివరికి "నీ సర్వే నంబరెంత?" అని అడిగినవాడే.

అందుకే ఎంపీ గారి మనిషి ఆనంద్ బాబు నవ్వుకుంటూ బండి దిగినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

ముందు మా బాధేమిటో చెప్పాలి. మా తుమ్మలగూడలో ఇండ్లన్నీ పెద్ద రోడ్డుకు ఒక పక్క, పొలాలన్నీ ఇంకో పక్క. మా రెండెకరాలూ అవతలే. మా అంటున్నాను గాని అవి నా భార్య రాములమ్మవి. ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చాడు, పాసుబుక్కు ఆమె పేరు మీదే ఉంది. బంతి, చామంతి వేస్తాం, రెండు మళ్ళు పాలకూర పోస్తాం. పొద్దున్నే పూలు కోసి, గంప నెత్తిన పెట్టుకుని, రోడ్డు దాటి ఇవతల బస్టాపు దగ్గర ఆటోలో వేయాలి. దాటేది రాములమ్మ. నాకు నడుము నొప్పి.

పోయినేడు అట్లా దాటుతుంటే ఎవడో బండివాడు తగిలించి పోయాడు. ఎడమచేతి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టి ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. పూలు ఆరు వారాలు ఆగుతాయా? మూడో వారమే గంప ఎత్తింది, చెయ్యి వంకరగా అతుక్కుంది. ఇప్పుడు ఆ రోడ్డునే నాలుగు లైన్లు చేస్తున్నారు. నడుమ పొట్ట ఎత్తు సిమెంటు గోడ వస్తుందట. మా ఊరి దగ్గర సందు పెట్టలేదు. పొలం ఎదురుగా కనపడుతుంటే రెండున్నర కిలోమీటర్లు పోయి, తిరిగి అంత దూరం రావాలి. రోడ్డు కింద నుంచి ఒక దారి, అదే అండర్‌పాస్, అది కావాలి మాకు. అది లేకపోతే ఆ వంకర చెయ్యితో ఆ గోడ ఎక్కి దిగేది రాములమ్మే అని నాకు తెలుసు. తలుచుకుంటే అన్నం దిగేది కాదు.

మా ఎంపీ అరుణజ్యోతి గారు ఒకప్పుడు షాబాద్‌లో టీచరు. ఢిల్లీలో గద్దె మీద ఉన్నది వేరే పార్టీ, ఈమెది ఎదుటి పక్షం. ఆనంద్ బాబు మొయినాబాద్ పిల్లవాడు, చేవెళ్ళలో ఆమె ఆఫీసు చూసుకుంటాడు. కమ్యూనిటీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మేడం మన అండర్‌పాస్ ముచ్చట పార్లమెంటుల అడుగుతది. నోటితోని అడుగుడే గాదు, రాతల గుడ పెడ్తది. రాతల పెడితే మంత్రి రాతలనే జవాబియ్యాలె. జవాబిచ్చే ముందు వాళ్ళు తనిఖీ చేస్తరు. అందుకే రోడ్డవతల భూమున్నోళ్ళ పేర్లు, సర్వే నంబర్లు జర రాసియ్యండి."

సర్వే నంబర్లు అనగానే హాలు హాలంతా బిగుసుకుపోయింది. నేను లేచాను.

"మీ మేడంది ఎదుటి పార్టీ గదా. ఆమె అడిగితే వాళ్ళెందుకిస్తరు?"

"ఇస్తరో ఇయ్యరో, అడుగుడు మా పని భిక్షం బాపు. ఎదుటి పార్టోళ్ళు అడగకుంటే ఇంకెవరు అడుగుతరు?"

"ఇయ్యరని తెల్సి గుడ అడుగుతున్నదంటే, ఆమెకు కావాల్సింది ఇంకేదో ఉన్నట్టే."

ఆనంద్ బాబు మళ్ళీ నవ్వాడు. "నాలుగు రోజులకొస్త. ఫికర్ చెయ్యకు బాపు" అని బండెక్కాడు. నన్ను బాపు అనడం కూడా నాకు నచ్చలేదు. వాడి బాపు మొయినాబాద్‌లో ఉండగా నన్నెందుకు పట్టుకున్నట్టు?

నా అనుమానానికి కారణాలు లేకపోలేదు. మా ఊరికి కిలోమీటరున్నర అవతల, చేవెళ్ళ వైపు, మోకిలలో ఉన్నట్టి విల్లాల వెంచర్ ఒకటి లేస్తోంది. పెద్ద గేటు, లోపల పచ్చగడ్డి, గడ్డికి నీళ్ళు. అందులో ఎంపీ గారి మరిదికి వాటా ఉందని ఊళ్ళో మాట. ఎవరూ చూడలేదు గాని అందరూ విన్నారు. ఆ సాయంత్రమే నేను ఆటోలో చేవెళ్ళ నుంచి వస్తుంటే, వెంచర్ ఆఫీసు ముందు ఆనంద్ బాబు బండి కనపడింది. అద్దాల తలుపు వెనక మేనేజరు ముందు కూర్చుని ఏవో కాగితాలు చూపిస్తున్నాడు. మర్నాడు మా పొలాల మీద డ్రోన్ ఒకటి గిరగిరా తిరిగింది. రోడ్డు కొలతల కోసమన్నారు. మా బావమరిది కూడా కొలతలకే అనుకున్నాడు, చందనవెల్లి దిక్కు తన భూమి కంపెనీలకు పోకముందు. ఇప్పుడు అక్కడే గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడి, వచ్చిన కారుకల్లా సలాం కొడుతున్నాడు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు పట్టపగలంత తేటగా అర్థమైంది. నంబర్లు తీసుకుంటారు, వెంచర్ వాళ్ళకిస్తారు, మా పొలాలు గడ్డి అవుతాయి. ఈశ్వరయ్య కిరాణా దుకాణం ముందు అందరినీ పోగేసి ఇదే చెప్పాను.

"అయితే ఇయ్యొద్దు" అన్నాడు ఈశ్వరయ్య. అతనికి అవతల ఎకరన్నర ఉంది.

"ఇయ్యమంటే పగ పడ్తరు. రేపు ఏ సంతకానికి పోయినా తిప్పుతరు. ఇద్దాం. కానీ మనయి గానియి ఇద్దాం."

అది నా మాటే. ఎవరో అన్నారని తప్పించుకోను. ఆ పూట ఆ మాట అని, అందరూ నా మొహం వైపు మెచ్చుకోలుగా చూస్తుంటే నాకు చెప్పలేనంత సంతోషమైంది.

ఇక చూడాలి మావాళ్ళ తెలివి. కొందరు చెరువు శిఖం నంబర్లు, అంటే నీళ్ళు నిలిచే భూమివి, ఇచ్చారు. ఎంకయ్య తన తాత ఎప్పుడో అమ్ముకున్న భూమి నంబరిచ్చాడు. ఈశ్వరయ్య తన దుకాణం ఉన్న స్థలం నంబరిచ్చాడు. పరమేష్ అయితే తన మోటారు బండి నంబరులో చివరి మూడంకెలు రాయించి, మూడు రోజులు నవ్వుకున్నాడు. నేను రాములమ్మ పేరు ఎదుట 163 రాయించాను. అది చెరువు నడి గుంత.

ఇంట్లో ఈ సంగతి చెప్తే ఆమె నవ్వలేదు.

"అబద్ధం నంబరిస్తే అండర్‌పాస్ ఎట్లొస్తదయ్యా?"

"వచ్చేది అండర్‌పాస్ గాదే, వెంచరు. నీకు తెల్వదు."

"రోజు రోడ్డు దాటేది నేను. నాకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తది?" అని గంపకంటిన మట్టి దులపడానికి బయటికి పోయింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తనేలేదు. మా ఇంట్లో ఆమె మాట ఎత్తకపోతే ఒప్పుకున్నట్టేనని ముప్పై అయిదేళ్ళుగా అనుకుంటున్నాను.

వారం తర్వాత ఏదో పనికి ట్రంకుపెట్టె తెరిచాను. పాసుబుక్కు ఎప్పుడూ నా మఫ్లరు కింద, బొమ్మ పైకి ఉండేట్టు పెడతాను. ఇప్పుడు బోర్లా పడి ఉంది. ఎవరు తీశారు? ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను తీయలేదు. అడిగితే అబద్ధం చెప్తుందేమోనని అడగలేదు, కనిపెట్టి చూద్దామనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె ఫోను మోగితే నా చెవులు నిలబడేవి. బజారుకు పోయి అరగంట ఆలస్యమైతే గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేవాణ్ణి. కట్టుకున్నదాన్ని అట్లా కాపలా కాయడం నాకే అసహ్యమనిపించింది, అయినా మానలేదు.

పార్లమెంటు మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఈశ్వరయ్య దుకాణంలో ఫోను గోడకు ఆనించి పెట్టారు. చాలామంది చేరారు. అరుణజ్యోతి గారు ఎక్కడో వెనక బెంచీల్లో లేచి నిలబడ్డారు. చేతిలో ఒకటే కాగితం. తెలుగులోనే మాట్లాడారు.

"అధ్యక్షా, మా చేవెళ్ళ నియోజకవర్గంలో తుమ్మలగూడ అనే ఊరుంది. నలభై ఒక్క కుటుంబాల పొలాలు రహదారి అవతల ఉన్నాయి. రాములమ్మ అనే రైతు రోజూ పూలగంపతో ఆ రోడ్డు దాటుతుంది. దాటబోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. రేపు గోడ కడితే ఆమె ఎట్లా దాటాలో మంత్రిగారు చెప్పాలి."

గంట మోగింది. ఆమె ఇంకా ఏదో అంటుండగానే ఎవరో వేరే రాష్ట్రం ఆయన లేచాడు. అంతా కలిపి రెండు నిమిషాలు.

దుకాణంలో ఒకటే గోల. "ఢిల్లీల మీ ఇంటామె పేరు!" అని వీపు మీద కొట్టారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. నలభై ఒక్కమందిలో నా భార్య పేరే ఎందుకు? చెయ్యి సంగతి వాళ్ళకెట్లా తెలుసు? ఇంటికి పోయి గట్టిగా నిలదీశాను.

"ఆనంద్ బాబు పొలం కాడికొచ్చిండు. చెయ్యి జూసిండు, అడిగిండు. చెప్పిన" అంది రాములమ్మ.

"ఇంకేం జెప్పినవ్?"

"అడిగింది జెప్పిన."

"పాసుబుక్కు ఎవరు దీసిన్రు?"

ఆమె నా వైపు చూసింది. పాలకూర కట్టలు కట్టుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఆమె తినమని బతిమాలలేదు.

నెలా పదిహేను రోజులకు ఎంపీ గారే స్వయంగా వచ్చారు. వెంట కార్ల వరుసలు లేవు, ఒక్క కారు, ఆనంద్ బాబు. మళ్ళీ కమ్యూనిటీ హాలు. అలసిపోయిన మొహంతో కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కాగితం తీశారు. పరీక్ష పేపర్లు దిద్ది మార్కులు చదివే టీచరమ్మ లాగే కనపడింది నాకు.

"మంత్రి గారి జవాబొచ్చింది. చదువుత. ఇనండి" అన్నారు. "సభ్యురాలు ఇచ్చిన నలభై ఒక్క సర్వే నంబర్లను తనిఖీ చేయించాం. అందులో పదహారు చెరువు శిఖం. పన్నెండు రోడ్డుకు ఊరి వైపే ఉన్నాయి. పన్నెండు ఆ గ్రామ రికార్డులోనే లేవు. రోడ్డు అవతల ఉన్న సాగుభూమి ఒకే ఒక్కటి. ఒక్క రైతు కోసం అండర్‌పాస్ నిర్మించడం నిబంధనల ప్రకారం వీలుకాదు."

హాల్లో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. పరమేష్ తల వంచుకుని చెప్పులు సవరించుకున్నాడు.

"ఈ కాగితం అక్కడ అందరి చేతులకూ పోయింది" అన్నారామె. "నా పక్క బెంచీలోళ్ళే నవ్విన్రు. నలభై ఒక్క కుటుంబాలని చెప్పి నిలబడ్డదాన్ని. రేపు షాబాద్ ముచ్చట అడిగినా, శంకర్‌పల్లి ముచ్చట అడిగినా, ముందు నీ నంబర్లు సరిచూసుకో అంటరు నన్ను. పోనీయండి, అది నా బాధ."

ఆనంద్ బాబుకు మాత్రం ఆగలేదు. ఈసారి నవ్వలేదు కూడా. "వెంచరోళ్ళు వాళ్ళ కాగితాలు సక్కగ పెట్టుకున్నరు. ఇప్పుడు వాళ్ళ గేటు ముంగట సందు ఇచ్చిన్రు. ఊరి కాడ గుడ దారి కావాలని ఒక సంతకం పెట్టుమని ఆ మేనేజరు కాళ్ళకాడ గంటసేపు కూసున్న. పెట్టలే. మీరేమో..." అని మిగిలింది మింగేశాడు.

ఆ సాయంత్రం వెంచర్ ఆఫీసు అద్దంలోంచి చూసిన కాగితాలు నాకు గుర్తుకొచ్చాయి. ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"మీరు నన్ను నమ్మలే. సరే" అన్నారు ఎంపీ. "మీ తప్పు గుడ కాదు, మిమ్మల్ని గట్ల జేసినోళ్ళు శానమందున్నరు. కానీ ఒక్కరు నమ్మిన్రు. 214/ఆ. పాసుబుక్కు నకలు గుడ పెట్టిన్రు. ఎవరిది?"

రాములమ్మ వెనక గోడ దగ్గర కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఎత్తింది. మణికట్టు దగ్గర వంకర తిరిగిన ఆ చెయ్యిని హాలంతా తిరిగి చూసింది. నేను మాత్రం చూడలేకపోయాను. నలభైమందితో నేను అబద్ధం రాయించాను. ఆమె మర్నాడే ఆనంద్ బాబును పట్టుకుని నా 163 కొట్టేయించి తన నంబరు రాయించుకుంది. నేను కాపలా కాసిన దొంగతనం ఇది.

అక్కడే లేచి నిలబడ్డాను. "నేనే మేడం. నేనే అందరితోని తప్పుడు నంబర్లు రాయించిన" అన్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే మీరే సరిచెయ్యండి" అన్నారు. "వచ్చే సమావేశాల్ల మళ్ళ అడుగుత. ఈసారి ప్రతి నంబరుకు పాసుబుక్కు నకలు కావాలె. అప్పటికి గోడ లేస్తదేమో. లేచినంక కొట్టిపిచ్చుడు ఇంకా కష్టం. అయినా అడుగుత."

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. చేతిలో కాగితం, దాని మీద మొదటి వరుసలో 214/ఆ. ఎంకయ్య పాలక్యాను కింద పెట్టకుండానే, "రేపు జూద్దాం" అన్నాడు. పరమేష్ ఇంట్లో ఉండే లేడనిపించాడు. ఈశ్వరయ్య దుకాణంలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, వానల గురించి కాసేపు మాట్లాడి, చివరికి గొంతు తగ్గించాడు.

"నిజం జెప్పు భిక్షం. ఆ మేడం నీకేం జేస్తనన్నది?"

"ఏం జెయ్యనన్నది. నంబరే అడుగుతున్న."

"ఉట్టిగనే తిరుగుతున్నవా ఇన్ని రోజులు? హాల్ల లేచి ఒప్పుకున్నప్పుడే అనుకున్న, ఏదో మతలబున్నదని. మీ ఇంటామె పేరు ఢిల్లీల చెప్పుడేంది, ఆమెదొక్కటే సరైన నంబరుండుడేంది. మేం పిచ్చోళ్ళమా?"

అతని చోట నేనుంటే ఇదే అనేవాణ్ణి. ఇంతకంటే ఘాటుగా అనేవాణ్ణి. టీ తాగకుండా వచ్చేశాను.

నెల తిరిగేసరికి గోడ మా ఊరి ముందుకొచ్చింది. చెక్కలు బిగించి సిమెంటు పోసుకుంటూ పోతున్నారు. ఇప్పుడు పొద్దున్నే నేను కూడా పొలానికి పోతున్నాను, నడుము నొప్పి ఉన్నా. ఈ రోజు పూలు కోసి గోడ దగ్గరికి వచ్చాక రాములమ్మ అడిగింది.

"ఎన్నైనయ్ నంబర్లు?"

"ఏడు."

"నాతోటా, నేను గాకనా?"

"నీతోటి."

ఆమె అవతల మా ఇండ్ల వైపు చూసింది. "అబద్ధం రాయుండ్రంటే ఒక్క పూటల నలభైమంది ఇన్నరు నీ మాట. నిజం రాయుండ్రంటే నెలకు ఆరుగురు" అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

గంప నేను తీసుకుని గోడ మీద పెట్టి, ముందు నేను ఎక్కి అవతలికి దిగాను. గంప దించాను. రాములమ్మ చీర ఎగదోపుకుని ఎక్కబోయింది. ఎడమ చెయ్యి ఆనించగానే మణికట్టు పట్టు తప్పి వెనక్కి జారింది. ఆ పక్క లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పట్టుకో" అని చెయ్యి చాపాను.

పట్టుకునే ముందు ఆమె నా చేతిని ఒక్క క్షణం చూసింది, నేను ఎంకయ్య పాలను చూసినట్టు.